గుర్రపుశాలలో పరిశుద్ధత: తొలి మెథడిస్టు సంచార బోధకులు, వారి గుర్రాలు (1739–1816)

ఉపోద్ఘాతం

సంఘ చరిత్ర తరగతిలో జాన్ వెస్లీ గురించి బోధించేటప్పుడు తప్పనిసరిగా చెప్పే లెక్క ఒకటుంది. ఆయన తన జీవితకాలంలో సుమారు 2,50,000 మైళ్లు ప్రయాణించి, దాదాపు 40,000 ప్రసంగాలు చేశారని చెబుతాం. విద్యార్థులు ఆ అంకెలను రాసుకుంటారు, పరీక్షలో తిరిగి రాస్తారు. ఆ మైళ్లలో అధిక భాగం నడిచిన కాళ్లు ఎవరివి అని మాత్రం ఎవరూ అడగరు. బి.డి. చదివిన రోజుల్లో నేనూ అడగలేదు.

నా చిన్నతనంలో మా ఊరి రైల్వే స్టేషను ముందు జట్కా బండ్లు నిలబడి ఉండేవి. వాన మొదలైతే ఒక ముసలి సాయిబు తన తల మీద కప్పుకున్న గోనెసంచిని తీసి గుర్రం వీపు మీద వేసి, తాను తడుస్తూ నిలబడేవాడు. పిల్లలం నవ్వుకునేవాళ్లం. చాలా ఏళ్ల తరువాత మెథడిస్టు బోధకుల నియమాలు చదువుతుండగా గుర్రాన్ని గూర్చిన ఒక నియమం కనబడింది. అది చదవగానే ఆ సాయిబు, ఆ గోనెసంచి జ్ఞాపకం వచ్చాయి. ఈ వ్యాసానికి ప్రేరణ అదే.

మెథడిస్టు వారసత్వం తెలుగు సంఘానికి పరాయిది కాదు. 1870ల చివరలో హైదరాబాదు రాజ్యంలో వెస్లియన్ మిషను పని ప్రారంభమైంది. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడిన మెదక్ కెతడ్రల్ ఆ పనికి ఫలం. 1947లో ఏర్పడిన దక్షిణ ఇండియా సంఘంలోనికి ఆ సంఘాలు ప్రవేశించాయి. కాబట్టి వెస్లీ బోధకుల క్రమశిక్షణ ఒక రకంగా మన ఇంటి చరిత్రే. తొలి మెథడిస్టులు గుర్రపు సంరక్షణను బోధకుని ఇష్టానికి వదలలేదు, అతని ఆత్మీయ క్రమశిక్షణలో భాగం చేశారు. ఆ నియమం ఎందుకు పుట్టిందో, ఎలా నిలిచిందో, ఎక్కడ తప్పిపోయిందో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

1. యుద్ధాశ్వం నుండి సువార్త గుర్రం వరకు

బైబిలులో గుర్రానికి మంచి పేరు లేదు. ఇశ్రాయేలు రాజు గుర్రాలను విస్తారంగా సంపాదించుకొనకూడదని ద్వితీయోపదేశకాండము 17:16 ఆజ్ఞాపిస్తుంది. గుర్రాల బలాన్ని నమ్ముకునేవారికి రక్షణ లేదని కీర్తనకారుడు హెచ్చరిస్తాడు (కీర్తన 33:17). జెకర్యా 9:9లో సమాధానకర్తయైన రాజు గుర్రం మీద గాక గాడిద మీద వస్తాడు. అయితే ఈ వచనాలు తప్పుపట్టేది గుర్రాన్ని కాదు, దానిని యుద్ధ సాధనంగా చేసి దాని మీద ఆనుకున్న మనుష్యుని. అదే లేఖనంలో విశ్రాంతి దినం పశువులకు కూడా వర్తిస్తుంది (నిర్గమ 23:12). నీనెవె పట్టణంలోని పశువులు కూడా దేవుని లెక్కలో ఉన్నాయి (యోనా 4:11). నీతిమంతుని గుర్తుల్లో ఒకటి తన పశువు ప్రాణాన్ని లక్ష్యపెట్టడమని సామెతలు 12:10 చెబుతుంది.

పదునెనిమిదవ శతాబ్దపు ఇంగ్లండులో గుర్రం ధనికుని హోదాకు చిహ్నం. సైన్యానికి, వేటకు, పందేలకు దానిని మేపేవారు. 1739 ఏప్రిల్ 2న బ్రిస్టల్ పట్టణం వెలుపల వెస్లీ మొదటిసారి ఆరుబయట ప్రసంగించారు. అప్పటి నుండి బొగ్గుగనుల కార్మికుల వద్దకు, నేతగాండ్ర పల్లెలకు వాక్యాన్ని మోసుకొని వెళ్లే పని గుర్రం మీద పడింది. అదే సంవత్సరం బ్రిస్టల్‌లో 'న్యూ రూమ్' అనే ప్రార్థనామందిర నిర్మాణం మొదలైంది. దానికి ఆనుకొని గుర్రపుశాల ఈనాటికీ ఉంది. ఆ ఆవరణలోనే గుర్రం మీద కూర్చున్న వెస్లీ విగ్రహం ఉంది. ఒకే ఆవరణలో ప్రసంగ వేదిక, గుర్రపుశాల ఉండడం ఆ ఉద్యమ స్వభావాన్ని చక్కగా తెలియజేస్తుంది.

2. వెస్లీ వదులు పగ్గాలు

వెస్లీ గుర్రం మీద కూర్చొని చదివేవారు. చరిత్ర, కావ్యం, తత్త్వశాస్త్రం చాలావరకు అలాగే చదివానని ఆయనే రాసుకున్నారు. 1770 మార్చి 21 నాటి దినచర్యలో ఈ విషయమై ఒక పరిశీలన ఉంది. తాను చదువుతున్నప్పుడు గుర్రం ఎందుకు తొట్రిల్లదని ఆయన ఆలోచించారు. చదివేటప్పుడు పగ్గాలు దాని మెడ మీద వదిలేస్తాను గనుక అన్నది ఆయనకు దొరికిన జవాబు. అప్పటికే లక్ష మైళ్లకు పైగా స్వారీ చేశాననీ, పగ్గాలు వదులుగా ఉంచినప్పుడు రెండు గుర్రాలు తప్ప మరేదీ చెప్పుకోదగ్గంతగా తొట్రిల్లలేదనీ, ఆ రెండూ ఎలా నడిపినా పడేవేననీ రాశారు. పగ్గాలు బిగించి పట్టుకుంటే గుర్రం పడదనే సాధారణ నమ్మకాన్ని ఆయన పొరపాటుగా ఎంచారు.

దీనిలో శాస్త్రీయ వాస్తవం ఉంది. గుర్రం నడిచేటప్పుడు తలను, మెడను ఆడిస్తూ తన బరువును సరిచూసుకుంటుంది. కాలు జారినప్పుడు మెడ చాచి నిలదొక్కుకుంటుంది. నోటిలో కళ్ళెం బిగిస్తే ఆ స్వేచ్ఛ పోతుంది. తాను ఎక్కిన ప్రాణికి దాని దారిని చూసుకునే తెలివి ఉందని అంగీకరించినవాడే పగ్గాలు వదలగలడు.

ఈ ప్రయాణాలు హాయిగా సాగినవేమీ కావు. 1745 ఫిబ్రవరిలో లండను నుండి న్యూకాసిల్‌కు వెళ్తూ మంచు, వడగండ్లు, ఎదురుగాలి నడుమ ప్రయాణించిన వెస్లీ, ఎన్ని కఠిన ప్రయాణాలు చేసినా ఇంతటిది ఎరుగనని రాశారు. 1746 మార్చి 17న ఆయన గుర్రం బాగా కుంటింది, ఆయనకూ తీవ్రమైన తలనొప్పి. దేవుడు మనుష్యునైనా పశువునైనా సాధనంతోనో, ఏ సాధనమూ లేకుండానో స్వస్థపరచలేడా అని ఆయన తలపోశారు. వెంటనే తన తలనొప్పి, గుర్రం కుంటు రెండూ పోయాయని సాక్ష్యమిచ్చారు. ఈ సంఘటనను మనం ఎలా వ్యాఖ్యానించినా ఒక విషయం స్పష్టం. గుర్రం కాలును తన తలతో పాటు ఒకే ప్రార్థనలో చేర్చడం ఆయనకు వింతగా తోచలేదు.

1765 డిసెంబరులో లండను రాళ్ల బాట మీద ఆయన ఎక్కిన గుర్రం జారి పడి, ఆయన కాలు దాని క్రింద చిక్కుకుంది. 1772 ఫిబ్రవరిలో, మరొక దెబ్బ మూలంగా స్వారీ కష్టమవుతున్న సమయంలో, ఆయనను గుర్రం దించి బండి ఎక్కించడానికి స్నేహితులు చందా మొదలుపెట్టారు. అప్పటికి ఆయన వయస్సు 68 సంవత్సరాలు.

3. గుర్రం ఉన్న బోధకుడు, గుర్రం లేని బోధకుడు

గుర్రం లేకపోతే ఏమవుతుందో జాన్ జేన్ అనే బోధకుని జీవితం చూపిస్తుంది. 1750లో వెస్లీ ఐర్లండుకు వెళ్లే దారిలో వేల్స్‌లోని హోలీహెడ్ రేవు వద్ద ఇతనిని చూసి ఆశ్చర్యపోయారు. మూడు షిల్లింగులు జేబులో వేసుకొని బ్రిస్టల్ నుండి కాలినడకన బయలుదేరి, దారిలో అపరిచితుల ఇండ్లలో రాత్రులు గడుపుతూ, ఒక్క పెన్నీ మిగిలి ఉండగా అక్కడికి చేరాడు. అదే సంవత్సరం వేసవిలో మండుటెండలో దూరం నడిచి జ్వరపడి మరణించాడు. అతని బట్టలు, వస్తువులన్నీ అమ్మినా అంత్యక్రియల ఖర్చుకు చాలలేదు. చేతిలో మిగిలినది ఒక షిల్లింగు నాలుగు పెన్నీలు. పెండ్లికాని సువార్త బోధకుడు వదిలిపోవడానికి అది చాలునని వెస్లీ రాశారు. ఆ మాటలో భక్తి ఉంది. కానీ పాస్టరుగా చదివినప్పుడు నాకు అందులో ఒక బాధ కూడా వినబడుతుంది. గుర్రం ఉండి ఉంటే ఆ యువకుడు మరికొంత కాలం బ్రతికేవాడేమో.

అమెరికాలో దూరాలు మరీ ఎక్కువ గనుక గుర్రం లేకుండా బోధకుడు లేడు. ఒక్కో సర్క్యూటు చుట్టి రావడానికి నాలుగు నుండి ఆరు వారాలు పట్టేది. పీటర్ కార్ట్‌రైట్ 1856లో ప్రచురించిన ఆత్మకథలో, దేవుని పిలుపు అందిన ఆనాటి మెథడిస్టు యువకుడు కళాశాలను గాక గట్టి గుర్రాన్ని వెదకుకునేవాడని చమత్కరించారు. జీను సంచుల్లో బైబిలు, పాటల పుస్తకం, క్రమశిక్షణ గ్రంథం ఉంటే అతని గ్రంథాలయం పూర్తయినట్లే. గుర్రం, జీను బోధకుడు సొంతంగా సమకూర్చుకోవాలి. జీతమేమో 1800 సంవత్సరం వరకు ఏడాదికి 64 డాలర్లు. ఆ సంవత్సరం 80 డాలర్లకు, 1816లో 100 డాలర్లకు పెంచారు. బిషప్పుకూ కొత్త బోధకునికీ అదే జీతం. మంచి గుర్రం వెల ఏడాది జీతాన్నంతా మింగేయగలదు. గుర్రం చనిపోతే సర్క్యూటు ఆగుతుంది, బోధకుడు అప్పులపాలవుతాడు. కాబట్టి గుర్రాన్ని చూసుకోవడంలో కనికరంతో పాటు గృహనిర్వాహకత్వపు బాధ్యత కూడా ఉంది.

4. ఋతువులను వెంబడించిన ప్రయాణం

ఫ్రాన్సిస్ ఆస్బరీ 1771 అక్టోబరు 27న ఫిలడెల్ఫియాలో అడుగుపెట్టారు. కొద్ది వారాల్లోనే న్యూయార్కులోని సహోదరులు పట్టణాలను విడిచి కదలడం లేదని గమనించి, దారి తానే చూపాలని నిర్ణయించుకున్నారు. 1816 మార్చి 31న మరణించేవరకు సొంత ఇల్లు లేకుండా సుమారు 2,70,000 మైళ్లు తిరిగారు. అపలాచియన్ పర్వతాలను అరవైసార్లకు పైగా దాటారు. బిషప్పుగా ఆయన ఏటా తిరిగిన మార్గం సాధారణంగా ఋతువుల వెంట సాగేది. ఆ మార్గాన్ని గుర్రం వైపు నుండి చూద్దాం.

శీతాకాలం. ఆయన ఈ కాలాన్ని తరచుగా దక్షిణాన చార్లెస్టన్ పరిసరాల్లో గడిపేవారు. అక్కడ చలి తక్కువ. ఉత్తరాది సర్క్యూటుల్లోని బోధకులకు మాత్రం మంచు తప్పదు. గడ్డకట్టిన బాట మీద మామూలు లాడం జారుతుంది, అందుకని కమ్మరి చేత మొనదేలిన మేకులు కొట్టించాలి. చెమట పట్టిన గుర్రాన్ని చలిగాలిలో అలాగే నిలబెడితే జబ్బు చేస్తుంది. ఎండుగడ్డి చుట్టతో ఒళ్లంతా ఆరేవరకు రుద్ది, కంబళి కప్పాలి. వాతావరణం మరీ చెడ్డగా ఉన్న రోజున, ఈ వేళ కాకులూ మెథడిస్టు బోధకులూ తప్ప ఎవరూ బయట తిరగరని అమెరికా జనం అనుకునేవారు. ఆ సామెతలో గుర్రాన్ని మరచిపోయారు.

వసంతకాలం. ఆస్బరీ వర్జీనియా మీదుగా ఉత్తరానికి కదిలేవారు. మంచు కరిగి నదులు పొంగేవి, బాటలు బురదయ్యేవి. బురద లాడాన్ని ఊడలాగుతుంది. ఎప్పుడూ తడిగా ఉన్న గిట్ట మెత్తబడి అడుగు కుళ్లుతుంది, కాబట్టి ప్రతి సాయంత్రం గిట్టలు ఎత్తి గీకి శుభ్రం చేయాలి. చలికాలమంతా ఎండుగడ్డి తిన్న గుర్రాన్ని ఒక్కసారిగా లేత పచ్చికలో వదిలితే కడుపునొప్పి వస్తుంది, గిట్టలు వాచి నడవలేని స్థితి కూడా రావచ్చు. గుర్రం వాంతి చేసుకోలేదు, లోపలికి పోయిన చెడు మేత బయటికి రాదు. అందుకే మేత మార్పు నెమ్మదిగా జరగాలి.

వేసవికాలం. న్యూయార్కు, న్యూ ఇంగ్లండు ప్రాంతాల వంతు. ఎండ, ఈగలు, దుమ్ము. తెల్లవారకముందే బయలుదేరి మధ్యాహ్నం నీడలో ఆగడం మేలు. జీను క్రింద చెమట, ధూళి చేరి ఒరుసుకుంటే వీపు పుండు పడుతుంది. ఆ పుండు మానేవరకు జీను వేయరాదు. కానీ ఆదివారం ఆరాధనకు ఎక్కడో జనం ఎదురు చూస్తుంటారు. బోధకుని మనస్సాక్షికి నిజమైన పరీక్ష ఇక్కడే.

శరత్కాలం. పర్వతాలు దాటి కెంటకీ, టెన్నెసీ వైపు, తరువాత మళ్లీ దక్షిణానికి. రాళ్ల బాటలో గిట్ట అడుగు నలుగుతుంది. నిట్టనిలువు దిగుడుల్లో రౌతు దిగి పగ్గం పట్టుకొని నడవాలి. ధాన్యం దొరకని అడవుల్లో రాత్రిపూట ముందుకాళ్లకు బంధం వేసి, మెడకు గంట కట్టి మేతకు వదిలేవారు. తెల్లవారి గంట వినబడకపోతే గుర్రం దూరమైందనో, దొంగల పాలైందనో అర్థం.

ఆస్బరీ తన దినచర్యలో జేన్ అనే గుర్రాన్ని పేరుపెట్టి ప్రస్తావిస్తారు. రాజుల పేర్లు అంతగా కనబడని ఆ పుస్తకంలో గుర్రానికి పేరుండడం గమనించదగినది. అయినా ఆయన ప్రయాణ వేగానికి గుర్రాలు నలిగిపోయాయనే సత్యాన్ని కూడా దాచనవసరం లేదు. ఆయన తన శరీరం మీద ఎంత కఠినంగా ఉన్నారో, చాలాసార్లు తనను మోసిన గుర్రం కూడా అంత కష్టమే పడింది. 1773లో 1,160 మంది సభ్యులతో ఉన్న సమాజం 1816 నాటికి రెండు లక్షలు దాటింది. ఆ వృద్ధి బరువును మోసిన వీపులు ఏ నివేదికలోనూ లేవు.

5. తన కళ్లతో చూడాలి

ఇప్పుడు అసలు నియమానికి వద్దాం. వెస్లీ తన బోధకుల మహాసభల నిర్ణయాలను క్రోడీకరించిన సంపుటిలో గుర్రాలను గూర్చి ఒక సూచన ఉంది. 1784 క్రిస్మస్ సమయంలో బాల్టిమోరులో సమావేశమైన మహాసభ తరువాత అది అమెరికా క్రమశిక్షణ గ్రంథంలోనికీ వచ్చింది. దాని సారాంశం ఇది: బోధకుడు తన పశువు పట్ల కనికరం చూపాలి, మితంగా స్వారీ చేయాలి, అంతేకాదు, గుర్రాన్ని రుద్దారో లేదో, మేత పెట్టారో లేదో, పడక వేశారో లేదో తన కళ్లతో తానే చూడాలి.

ఈ నియమంలోని బలమంతా 'తన కళ్లతో' అనే మాటలో ఉంది. బోధకుడు చీకటి పడ్డాక విశ్వాసి ఇంటికి చేరుతాడు. ఇంటివారు గౌరవంగా లోపలికి పిలుస్తారు. వేడి భోజనం సిద్ధంగా ఉంది, ప్రసంగం కోసం ఇరుగుపొరుగు వచ్చి కూర్చున్నారు. గుర్రాన్ని పనివాడు చూసుకుంటాడులే అంటారు. సత్రాల్లోనైతే దాణాకు డబ్బు పుచ్చుకొని, గుర్రం ముందు సగమే పోసే సేవకులూ ఉండేవారు. ఇటువంటి సమయంలో బోధకుడు భోజనపు బల్ల దగ్గరికి గాక ముందుగా గుర్రపుశాలకు వెళ్లాలని నియమం కోరుతుంది. ప్రసంగం విని అతనిని మెచ్చుకునేవారు చాలామంది ఉంటారు. గుర్రపుశాలలో మెచ్చుకునేవారు ఎవరూ ఉండరు. అక్కడ అతని పరిశుద్ధతకు సాక్షులు దేవుడు, మాటలు రాని ఒక ప్రాణి మాత్రమే.

ఇది వెస్లీ వేదాంతానికి దూరమైనది కాదు. 1781లో రోమా 8:19–22 ఆధారంగా రాసిన 'సర్వ విమోచన' ప్రసంగంలో ఆయన మూలుగుతున్న సృష్టి అంతటికీ రాబోవు విడుదలను బోధించారు. యజమానికి అలుపు లేకుండా సేవచేసే గుర్రానికి మనిషి చేతిలో దొరికే ప్రతిఫలాన్ని తలచుకొని ఆ ప్రసంగంలో దుఃఖించారు. జంతువులు కూడా దేవుని కనికరం పొందుతాయనే నిరీక్షణ మనలను ఆయన కనికరాన్ని అనుకరించేలా చేయాలని వాదించారు. నలభై ఏళ్లకు పైగా స్వారీ చేసిన మనిషి రాసిన యుగాంత వేదాంతం అది.

6. నియమం చూడని చేతులు

అయితే ఈ చరిత్రను పొగడ్తతో ముగించడం న్యాయం కాదు. దక్షిణ రాష్ట్రాల ఇండ్లలో బోధకుని గుర్రాన్ని రుద్దిన చేతులు చాలాసార్లు బానిసల చేతులు. గుర్రానికి పడక దొరికిందా అని చూడమన్న నియమం, ఆ పడక వేసిన మనిషి ఎక్కడ పడుకున్నాడో చూడమనలేదు. మెథడిస్టులకు ఈ విషయం తెలియదని కూడా అనలేము. 1784 మహాసభ బానిసలను విడుదల చేయాలని సభ్యులకు కఠినమైన నిబంధన విధించింది. వ్యతిరేకత రాగానే 1785లో, ఆరు నెలలైనా గడవకముందే, దాని అమలును నిలిపివేసింది. గుర్రపు నియమం నిలిచింది, మనిషి నియమం వెనుకకు పోయింది.

హ్యారీ హోసియర్ కథ ఇక్కడ జ్ఞాపకం చేసుకోవాలి. ఈ నల్లజాతి సహోదరుడు ఆస్బరీతో కలిసి ప్రయాణించాడు. చదవను, వ్రాయను రాకపోయినా గొప్ప ప్రసంగీకుడు. 1784 నవంబరులో డాక్టర్ థామస్ కోక్ అమెరికా చేరినప్పుడు ఆస్బరీ ఆయనకు సుమారు వెయ్యి మైళ్ల ప్రయాణాన్ని ఏర్పాటు చేశారు. ఆ ఏర్పాటును కోక్ తన దినచర్యలో రాస్తూ, తనకు హ్యారీని ఇచ్చారనీ, ఒక శ్రేష్ఠమైన గుర్రాన్ని అరువు తెచ్చి ఇచ్చారనీ ఒకే వరుసలో చేర్చారు. కొద్ది రోజుల్లోనే హ్యారీ ప్రసంగాలు విని, ఇతడు లోకంలోని మంచి ప్రసంగీకులలో ఒకడని నమ్ముతున్నట్లు కోక్ రాయవలసి వచ్చింది. అయినా 1806లో మరణించేవరకు అతనికి అభిషేకం దొరకలేదు. ప్రయాణ సామగ్రితో పాటు లెక్కింపబడిన మనిషిలో దేవుని వాక్యం నివసిస్తున్నదని గుర్తించడానికి కోక్‌కు కొన్ని రోజులు పట్టింది, సంఘానికి అంతకంటె చాలా ఎక్కువ కాలం పట్టింది.

ముగింపు

1924 అక్టోబరులో వాషింగ్టను నగరంలో గుర్రం మీద కూర్చున్న ఆస్బరీ విగ్రహాన్ని ఆవిష్కరించారు. బ్రిస్టల్ విగ్రహంలోనూ, వాషింగ్టను విగ్రహంలోనూ బోధకునితో పాటు గుర్రానికి చోటు దొరికింది. మన సంఘ చరిత్ర పుస్తకాల్లో కూడా దొరకాలి. ఎందుకంటే పరిచర్యను మోసేవారిని పరిచారకుడు ఎలా చూశాడన్నది కూడా పరిచర్య చరిత్రే.

నేటి పాస్టరుకు గుర్రం లేదు. కానీ మనలను మోసేవారు లేకపోలేదు. కొన్నేళ్ల క్రితం ఒక గ్రామంలో రాత్రి కూడికకు ప్రసంగించడానికి ఆటోలో వెళ్లాను. పశువులను, సేవకులను, పరదేశులను విశ్రాంతిలో చేర్చిన విశ్రాంతి దినపు ఆజ్ఞ మీదనే ఆ రాత్రి ప్రసంగం. కూడిక ముగిశాక ఒక విశ్వాసి ఇంట్లో ఆకు వేసి కోడికూరతో భోజనం పెట్టారు. తిని, ప్రార్థన చేసి బయటికి వచ్చేసరికి పదకొండు దాటింది. నన్ను తీసుకొచ్చిన అబ్బాయి ఆటో వెనుక సీటులో ముడుచుకొని పడుకొని ఉన్నాడు. తిన్నావా నాయనా అని అడిగాను. "లేదయ్యగారూ, ఎవరూ పిలవలేదు" అన్నాడు. ఇంటివారిని తప్పుపట్టడానికి నాకు నోరు రాలేదు. తలుపు దాటి వెళ్లి చూడవలసినవాడిని నేను.

అప్పటి నుండి ఏ ఇంట భోజనానికి పిలిచినా, ఆకు ముందు కూర్చోకముందు ఒకసారి బయటికి వెళ్లి చూసి వస్తున్నాను.